తీసెయ్యదగిన చప్పుళ్ళు

మా యంత్రానికి మేము పెట్టిన పేరు గ్రహణమాపని. పిల్లలు పాఠాన్ని ఎంతవరకు గ్రహించారో కొలుస్తుంది కనుక ఆ పేరు. గ్రహణానికి ఇంకో అర్థం ఉందని, పదకొండు మందిమి చదువుకున్నవాళ్ళం ఉండి కూడా, ప్రయోగశాలలో ఒక్కరికీ తట్టలేదు. మొదటి బడిలో బిగించడానికి వెళ్ళిన రోజునే ఏడో నెల గర్భిణి అయిన ఒక టీచరమ్మ సెలవు చీటీ రాసి హెడ్మాస్టరు చేతిలో పెట్టింది. గ్రహణం ఉన్న గదిలో తాను కూర్చోలేనంది. మేం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. సొంత భాషలో మాటల్ని సగమే వినే అలవాటు మాకు అప్పటికే ఉంది.

యంత్రం రాకముందు తరగతి గదుల్ని గమనించే పద్ధతి వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వెనక బెంచీలో కూర్చుని, మూడు నిమిషాలకోసారి కాగితం మీది గళ్ళలో టిక్కులు పెట్టేవాణ్ణి. మేష్టారు చెబుతున్నారా, రాస్తున్నారా, అడుగుతున్నారా. పిల్లలు వింటున్నారా, దిక్కులు చూస్తున్నారా. నేను కూర్చున్న రోజున ఏ బడీ బడిలా ఉండేది కాదు. పిల్లలు తలలు నున్నగా దువ్వుకుని వచ్చేవారు. మేష్టార్లు బెత్తం బీరువాలో పెట్టి తాళం వేసేవారు. "అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్" అని గది ఎగిరిపోయేలా అరిచేవారు. అందులో నిజమెంతో నా గళ్ళకు అందేది కాదు.

మా పెద్దాయన డాక్టర్ కృపాసాగర్ కనిపెట్టింది చాలా చిన్న విషయం. కొత్త సంగతి బుర్రకెక్కే క్షణంలో మనిషి అర సెకను ఊపిరి బిగబట్టి, తర్వాత ఒక తీరులో వదులుతాడు. పెద్దా చిన్నా తేడా లేదు. బట్టీ పట్టినప్పుడు అలా వదలడు. విసుగొచ్చినప్పుడు అసలే వదలడు. ఆ ఊపిరిని వినడానికి చింతగింజంత పూసలు తయారుచేసి, బెంచీ చెక్క కింద పిల్లకొకటి చొప్పున అంటించాం. పిల్లవాడికి పాఠం అందితే తెర మీద వాడి గీత చిన్న గుబ్బలా లేస్తుంది. అందకపోతే గీత చాపలా పడుకుని ఉంటుంది.

విశాఖపట్నంలో ఆరు ప్రైవేటు బడుల్లో పరీక్షించాం. అక్కడి పిల్లలు చేతులు కట్టుకుని, నోటికి తాళం వేసుకుని కూర్చుంటారు కాబట్టి ఊపిరి చక్కగా దొరికింది. అప్పుడప్పుడూ దగ్గు, తుమ్ము, ఎక్కిళ్ళు వచ్చి గీతల్ని పాడుచేసేవి.

"గొంతు చప్పుళ్ళన్నీ తీసెయ్, తవిటినాయుడూ. మనకు కావలసింది ఊపిరి, మాట కాదు," అన్నారు కృపాసాగర్.

ఒక మధ్యాహ్నం భోజనం చేసొచ్చి ఆ నియమం నేనే రాశాను. ఒక సెకను కంటే తక్కువ సేపు ఉండే గొంతు చప్పుడు ఏది వచ్చినా, దాన్నీ, దానికి ముందూ వెనకా అర సెకను చొప్పున ఉన్న ఊపిరినీ కత్తిరించాలి. దాని పైన శీర్షిక పెట్టాను: తీసెయ్యదగిన చప్పుళ్ళు. కింద వరసగా రాశాను. దగ్గు, తుమ్ము, ఎక్కిళ్ళు, గొంతు సవరింపు, ఊఁ, ఆఁ. రాయడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాత టీ తాగడానికి వెళ్ళాను.

*

మా అప్ప పేరు అప్పలనరసమ్మ. పలాస అవతల ఉద్దానంలో తాటిగెడ్డ హైస్కూల్లో ఇరవై మూడేళ్ళుగా లెక్కల టీచరు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. మా అమ్మ జీడితోటల్లో పనికి పోతే నన్ను చంకనేసుకుని తిప్పింది, అక్షరాలు దిద్దించింది, భిన్నాలు నేర్పింది. అన్నీ కథలుగానే నేర్పింది. కథ మధ్యలో ఊఁ కొట్టడం మానేస్తే చెప్పడం ఆపేసేది. నేను మళ్ళీ ఊఁ అన్నాకే కథ కదిలేది.

యంత్రం పెట్టడానికి జిల్లాలో మొదటి బడి ఏదంటే, తాటిగెడ్డే అని పట్టుబట్టింది అప్పే. హెడ్మాస్టరు వెనకాడితే ఆయన గదిలో కూర్చుని మరీ ఒప్పించింది. నేను పూసలు అంటిస్తుంటే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"మా తమ్ముడర్రా. ఇది వీడే చేసినాడు. మీ బుర్రలో లెక్క ఎక్కినాదో నేదో ఇట్టే చెప్పీస్తాది. ఇంక నా దగ్గర మీ దొంగవేషాలు సాగవు."

"మా బుర్రలోవన్నీ తెలిసిపోతాయేటి మేడమ్?" అని ఒక పిల్ల భయంగా అడిగింది.

"అన్నీ తెలవ్వులే. లెక్కలే," అంది అప్ప.

ఆ రోజు ఏడో తరగతిలో రుణ సంఖ్యలు చెప్పింది. నేను పాత అలవాటు కొద్దీ వెనక బెంచీలో కూర్చున్నాను.

"ఒక ముసిలాయన నూతిలోకి చేద దించతన్నాడు."

"ఊఁ," అంది నలభై ఒక్కమంది ఉన్న గది.

"నూతి గట్టు సున్నా అనుకోండి."

"ఊఁ."

"గట్టుకి కింద ఐదు మూరలు దిగినాది చేద."

"ఊఁ."

"రెండు మూరలు పైకి లాగినాడు. మరి నీళ్ళు దొరికినాయా, చేద గట్టుకొచ్చినాదా?"

ఈసారి ఊఁలు అటూ ఇటూ అయ్యాయి. అప్ప టక్కున ఆగింది. తల కాస్త పక్కకు వంచింది. "ఆ కిటికీ పక్క ఊఁ నీరసంగా వచ్చినాది. ఆ రెండు బెంచీలకీ చేద కనబళ్ళేదు. మళ్ళీ దించుదాం," అని మళ్ళీ మొదటి నుంచీ అందుకుంది. మూడోసారికి గది మొత్తం ఒక్క గొంతుతో ఊఁ కొట్టింది. వాళ్ళతోపాటు నేనూ కొట్టాను. నాకు నవ్వొచ్చింది, చాలా సంతోషమూ వేసింది.

వారం తర్వాత నివేదిక వచ్చింది. నలభై ఒక్క గీతలూ చాపల్లా పడుకుని ఉన్నాయి. ఒక్క గుబ్బ లేదు.

*

ఆదివారం నివేదిక పట్టుకుని అప్ప ఇంటికి వెళ్ళాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూసింది. కాగితాన్ని తిరగేసి వెనక వైపు కూడా చూసింది.

"యంత్రం ఏటైనా పాడైనాదేమోరా?"

అప్పటికి నాలుగు వందల తరగతుల్లో ఆ యంత్రం సరిగ్గా చెప్పింది. పరీక్షలు పెట్టి సరిచూసుకున్నాం. నేను ఆ మాటే అన్నాను. అక్కడితో ఊరుకుని ఉంటే సగం పాపమే మూటగట్టుకునేవాణ్ణి. ఊరుకోలేదు. శాస్త్రవేత్తను కదా, వివరణ కూడా ఇచ్చాను.

"పిల్లలకి నువ్వంటే ఇష్టం అప్పా. నువ్వు చెప్పే కథంటే ఇష్టం. వాళ్ళు కథ వింటన్నారు, లెక్క వినడం లేదు. ఇష్టం వేరు, అర్థమవడం వేరు."

అప్ప కాగితం మడిచింది. తర్వాత లేచి నాకు అన్నం పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఆ కాగితం ఆమె ఒళ్ళోనే ఉంది.

ఆ వివరణ నాకు ఎంత నచ్చిందంటే దాని మీద ఒక పరిశోధనా పత్రం రాశాను. బడి పేరు, టీచరు పేరు లేకుండా అప్ప తరగతినే ఉదాహరణగా పెట్టాను. పిల్లలు ఉత్సాహంగా ఉండే తరగతిలో కూడా చదువు సున్నాగా ఉండవచ్చు అన్నది దాని సారాంశం. మంచి పేరొచ్చింది. ఉపాధ్యాయుల శిక్షణలో దాన్ని పాఠంగా చెప్పారు. జిల్లాలో ఏ టీచరైనా కథ ఎత్తుకుంటే తోటి టీచర్లు "గీత పడుకుంటాది జాగ్రత్త" అని ఆటపట్టించేవారట.

ఆ ఏడాదిలో అప్పకు మరో రెండు నివేదికలు వచ్చాయి. రెండూ సున్నాలే. విద్యాశాఖ నియమం ప్రకారం ఇంకో సున్నా వస్తే ఆమెను తరగతి నుంచి తప్పించి, పిల్లలకు తెర మీద పాఠం పెడతారు. అప్పకు బడి తప్ప వేరే లోకం లేదు. భర్త పోయాక దసరా సెలవుల్లో కూడా బడికి వెళ్ళి తాళం తీయించుకుని కూర్చునే మనిషి.

జూన్‌లో కొత్త ఏడో తరగతి వచ్చింది. ఈసారి ముప్పై ఎనిమిది మంది. శిక్షణలో చెప్పినట్టే చేసింది అప్ప. చేతులు కట్టుకోండి, నోరు మూసుకోండి, కథల్లేవు, సూత్రం బోర్డు మీద రాస్తాను చూడండి అంది. మొదటి వారం పిల్లలు మరిచిపోయి ఊఁ కొడుతూనే ఉన్నారట. నోటి మీద వేలు పెట్టి చూపించడం అలవాటు చేసుకుంది. జూలైలో నాకు ఫోన్ చేసింది.

"గీత లేచినాదిరా తవిటీ. పదకొండు మందికి లేచినాది."

ప్యాసు మార్కు పది. నేను అభినందించాను. అవతల ఏడుపు వినిపించింది. సంతోషంతో ఏడుస్తోందనుకున్నాను.

"ఇరవై మూడేళ్ళురా. ఎంతమంది గుంటల్ని పాడుచేసీసినాను. నాకు కథలు చెప్పడం సరదా. నా సరదా కోసం ఆళ్ళ చదువు తగలెట్టీసినాను."

"పోనీలే అప్పా. ఇప్పుడు సరిదిద్దుకున్నావుగా," అన్నాను నేను. నా నోటికి అప్పుడేం రోగమో.

ఆ ఏడాదంతా గీతలు పది పన్నెండు మధ్యనే ఆడాయి. అధికారులు సంతృప్తికరం అని రాశారు. అప్ప మాత్రం తరగతిలో నిలబడలేకపోయింది. ఎవరికి అందిందో ఎవరికి అందలేదో ఆ క్షణాన తెలియడం లేదని, యంత్రం చెప్పేది వారానికి గాని రాదని, గుడ్డిదానిలా పాఠం చెబుతున్నానని ఒకసారి అంది. ఏప్రిల్‌లో తనంతట తానే దరఖాస్తు పెట్టుకుని మండల కేంద్రంలో పాఠ్యపుస్తకాల గోడౌనుకు బదిలీ చేయించుకుంది. పుస్తకాలకు చదువు చెప్పక్కర్లేదు కదా అంది.

*

రెండేళ్ళు గడిచాయి. ఫోన్‌లో అప్ప ఆఁ, సరే అనడం తప్ప మాటలు తగ్గించేసింది. ఒక రోజు ప్రయోగశాలలో పనేమీ లేక ఆమె గొంతు వినాలనిపించింది. పాఠం చెప్పే గొంతు. దుకాణానికి పోయే పిల్లను కేకేసినా, బోర్డు ముందు నిలబడి లెక్క చెప్పినా ఒకేలా ఉండేది ఆ గొంతు, పెద్దగా, ధైర్యంగా. మొదటి రోజు రికార్డింగు శుభ్రం చెయ్యకముందుది భద్రంగా ఉంది. దాన్ని తెరిచి చెవులకు పెట్టుకున్నాను.

ముసలాయన చేద దించాడు. నలభై ఒక్కమంది ఊఁ అన్నారు. అప్ప ఆగింది. "ఆ కిటికీ పక్క ఊఁ నీరసంగా వచ్చినాది."

నేను రికార్డింగు ఆపాను. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఊఁ అనేది మాట కాదు. బిగబట్టిన ఊపిరి గొంతు గుండా బయటికి రావడం. మేము ఏ ఊపిరి కోసం బెంచీల కింద పూసలు అంటించామో, ఆ ఊపిరే మా ఊళ్ళో పిల్లలకు చప్పుడుతో వస్తుంది. నేను దాన్ని దగ్గుతో, తుమ్ముతో కలిపి కత్తిరించాను. అప్ప ఇరవై మూడేళ్ళుగా చెవితో వింటున్నది దాన్నే. ఆమె దగ్గర యంత్రం ముందే ఉంది. మాది దానికంటే వారం ఆలస్యంగా నడుస్తుంది.

నియమం నుంచి ఊఁ అన్న ఒక్క అక్షరం తీసేసి మళ్ళీ లెక్క కట్టించాను. నలభై ఒక్క గీతల్లో ముప్పై ఏడు లేచాయి. రాష్ట్రం మొత్తం మీద అప్పటివరకూ ఒక పాఠానికి వచ్చిన అత్యధికం పంతొమ్మిది.

నేను ఊఁ కొట్టి పెరిగినవాణ్ణి. ఆ గదిలో కూర్చుని ఊఁ కొట్టినవాణ్ణి. విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాడెవడో ఆ జాబితా రాసి ఉంటే తెలియక రాశాడనుకోవచ్చు. తెలిసి, తెలిసిన సంగతిని లెక్కలోకి తీసుకోకుండా రాసింది నేను. నాకు ఆ కుర్చీలో కూర్చోవడం కూడా సిగ్గనిపించింది.

కృపాసాగర్ గారి గదికి పరిగెత్తాను. ఆయన ఓపికగా విన్నారు, రికార్డింగు విన్నారు. మంచి మనిషే. ఈ ఏడాది జిల్లాలో నమోదైన పన్నెండు వందల తరగతుల మీద పాత నియమం, కొత్త నియమం రెండూ నడిపించి తేడా చూడమన్నారు. మూడు రోజులు పట్టింది. తేడా ఒక్క చుక్క కూడా రాలేదు. జిల్లాలో ఇప్పుడు ఏ తరగతిలోనూ ఏ పిల్లా ఊఁ అనడం లేదు.

"చూశావా నాయుడూ," అన్నారు ఆయన మెల్లగా. "ఒకప్పుడు తప్పేమో. ఇప్పుడు యంత్రం సరిగ్గానే చెబుతోంది. పాత లెక్కలు తిరగతోడితే ఎవరికి ఉపయోగం?"

మా అప్పకు, అన్నాను. అది ఆయనకు వినబడేంత గట్టిగా అన్నానో లేదో నాకే తెలియదు.

*

గోడౌనులో అప్ప ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకాలు కట్టలు కడుతోంది. కూలబడి, కాగితాలు ముందు పెట్టి, అంతా చెప్పాను. ఊఁ సంగతి, నియమం సంగతి, దాన్ని రాసింది నేనేనన్న సంగతి, పత్రం సంగతి. క్షమించమని అడగడం ఎలాగో తెలియక ముప్పై ఏడు గీతల కాగితాన్ని ఆమె చేతిలో పెట్టాను.

అప్ప పురికొస పక్కన పెట్టింది. గీతల మీద వేలు నడిపింది.

"ముప్పై ఏడుగురికి అర్థమైనాదా?"

"అయినాదప్పా. ఆ రోజే. నీ ఎదరే."

"అయితే నాను పాడుచెయ్యనేదా పిల్లల్ని?"

"లేదప్పా. నీ అంత బాగా చెప్పినవాళ్ళు రాష్ట్రంలోనే లేరు."

ఆమె మొహంలోకి రెండేళ్ళుగా నేను చూడని వెలుగు వచ్చింది. నా గుండె తేలికపడింది. ఆ మాట దాచుకోకుండా చెప్పాలి: ఆ నిమిషంలో నన్ను నేను క్షమించేసుకున్నాను కూడా.

అప్ప లెక్కల టీచరు. ఒక మెట్టు చెబితే రెండో మెట్టు తనే ఎక్కుతుంది.

"మరి రెండో ఏడు," అంది. "నోళ్ళు మూయించీసినాను కదా. ఆ ఏడాది ఊఁలు నేవు. కత్తిరించడానికేటీ నేదు. అప్పుడు పదకొండు మందికే లేచినాదంటే నిజంగా పదకొండు మందికే అందినట్టా?"

ఈ ప్రశ్న నాకు రావలసింది. దారి పొడుగునా రాలేదు.

"ముప్పై ఎనిమిది మందిలో ఇరవై ఏడుగురికి అందనేదన్నమాట. నానే అందనియ్యనేదు." గొంతులో కోపం లేదు. బోర్డు మీద తీసివేత చేసినట్టు చెప్పింది. "ఎవరెవరికి అందనేదో నీ కాడ ఉంటాది కదా."

"పేర్లుండవప్పా. బెంచీ నెంబర్లుంటాయి."

"సదువు. ఎవరెక్కడ కూకునీవారో నాకు తెలుసు."

వద్దన్నాను. వినలేదు. సంచీలోంచి కంప్యూటరు తీసి చదివాను. మొదటి బెంచీ, రెండో పూస, లేవలేదు. అప్ప ఒక పేరు చెప్పింది. మొదటి బెంచీ, నాలుగో పూస, లేవలేదు. ఇంకో పేరు చెప్పింది. ఒకడు ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడని, లెక్కలంటే పారిపోతాడని చెప్పింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు పెళ్ళిళ్ళయి ఒడిశా వెళ్ళారంది. ఏ ఒక్కరినీ మరిచిపోలేదు. నేను చదువుతున్నాను, ఆమె కట్ట మీద కట్ట పేర్చినట్టు పేరు మీద పేరు పెడుతోంది.

"కిటికీ పక్క ఆఖరు బెంచీ. మూడో పూస. లేవలేదు. ఏడాదంతా ఒక్కసారి కూడా లేవలేదు."

"ఢిల్లేశ్వరి," అంది అప్ప.

ఇంకా రెండు నెంబర్లు మిగిలి ఉన్నాయి. నేను ఎదురుచూశాను.

"ఆ ఏడాది అవ్వగానే మానీసినాదిరా. లెక్కలు రావడం నేదని ఆళ్ళమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీకి పంపించీసినాది. పిక్క సొన తగిలి సేతులు నల్లగా అయిపోనాయి. సంతలో కనబడితే ఎనక్కి దాచుకుంటాది."

"నువ్వేం చేస్తావప్పా, ఇంటి పరిస్థితులు—"

"జూన్‌లో, మొదటి వారం," అంది అప్ప నా మాట విననట్టు. "బిన్నాలు సెప్తన్నాను. ఆ పిల్ల లేచి నిలబడినాది. ఏటో అడగబోనాది. నోరు తెరిసినాది కూడా."

ఆమె తన చూపుడువేలు ఎత్తి పెదాల మీద పెట్టుకుంది. అది ఎలా చేసిందో నాకు చూపించడానికి.

"నీ యంత్రం పాడవకూడదని," అంది. "ఏటడగబోనాదో నాకు ఇప్పటికీ తెల్దు."